సంతకం లేని స్కోరుకార్డు

అమలాపురంలో రాజోలు బస్సెక్కాక కూడా మా గోల్ఫ్ క్లబ్బు గుమాస్తాతో ఫోన్లో గొడవే. ఆటలో మన స్థాయిని చెప్పే అంకె హ్యాండిక్యాప్. దానికోసం పంపిన స్కోరుకార్డును, తోటి ఆటగాడి సంతకం లేదని వెనక్కి కొట్టారు. ఇది మూడోసారి!

ఫోను పెట్టేశాక పక్కసీటాయన మెల్లగా అడిగారు. "క్యాడీ చూసేడు కదండీ?"

"బ్యాగు మోసేవాడి సంతకం చెల్లదండీ!" విసుక్కున్నాను.

"ఆయ్, తెలుసండీ. గల్ఫులో పన్నెండేళ్లు నేనూ మోసేను. ఎవరెన్ని షాట్లు కొట్టేరో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలిసేది కాదండీ. ఇంతకీ మీ క్యాడీ పేరేంటండీ?"

"రాజు" అనేశాను.

"మంచి పేరండీ" అని ఆయన నవ్వారు.

నాలుగేళ్లుగా నా బ్యాగు మోస్తున్న మనిషి పేరు నాకు తెలియదు.