పిప్పి ఎవరిది?

బంగాళాదుంపల నుంచి పిండి తీసే ఫ్యాక్టరీలో, మిగిలిన పిప్పి జారే గొట్టం దగ్గర నిలబడి పద్దెనిమిదేళ్లుగా ఆమె కలలు కంటూనే ఉంది. అందరూ పిప్పక్క అంటారు. తెల్లగా, చల్లగా దిగే పిప్పి ఆమె కళ్లకు ఒక్కోరోజు నేలకు ఒరిగిన మబ్బు, ఒక్కోరోజు నిద్రపోతున్న గొర్రెల మంద. యాజమాన్యానికి మాత్రం చెత్త. పనివాళ్ల గదుల వెనక గుంటలో పోయిస్తారు. రెండు రోజులకే పులిసి కంపు కొడుతుంది. ఆ కంపులో అన్నం తినేది యాజమాన్యం కాదు కదా!

గుంట నిండింది. రెండోదాని కోసం పిప్పక్క వంటగది గోడ పక్కనే సున్నంతో గీత గీశారు. పిప్పి దేనికైనా పనికొస్తే తప్ప ఆ గుంట ఆగదు.

పిప్పిని ఉడికించి, గిన్నెకు అద్ది ఎండబెడితే నారు పెంచే కుండీలు తయారవుతాయేమోనని ఆమెకు తోచింది.

"మొక్కతో సహా పాతేయొచ్చన్నమాట! వారం పాటు నీళ్లకు ఆగితే ఎన్నైనా తీసుకుంటానమ్మా" అన్నాడు మొక్కలమ్మే ఆయన.

మొదటి కుండీలు ముట్టుకుంటే రాలిపోయాయి. రెండోసారీ అంతే.

"నీ కుండీలూ నీలాంటివే వదినా, ఒక్కటీ నేల మీద నిలవదు!" అని ఆడపడుచు పకపకా నవ్వింది. మూడోసారి పిప్పక్క పిప్పి కడుగుతుంటే ఆ ఆడపడుచే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎన్నిసార్లు కడుగుతావే తల్లీ? ఇదేమన్నా డ్యూటీనా?"

పిప్పక్కకు అప్పుడు వెలిగింది. చివరి రేణువు దాకా పిండి రాబట్టడం ఆ చేతులకు ఫ్యాక్టరీ నేర్పిన అలవాటు. పిప్పిని పట్టి ఉంచే జిగురు ఆ మిగిలిన పిండే!

కడగని పిప్పి కుండీలు ఎండి టక్కుమని మోగాయి. వారం నీళ్లు తాగి నిలబడ్డాయి. మొదటి బండి వెళ్లిన రోజంతా ఆమె, ఎక్కడో తడినేలలో అవి మెల్లగా కరిగి మొక్కల పసివేళ్లకు చోటివ్వడం చూస్తూనే ఉంది.

రెండో బండికి మేనేజరు అడ్డొచ్చాడు. "పిప్పి కంపెనీ ఆస్తి. మీకెవరిచ్చారు?"

"మా గోడ పక్కన పోసేటప్పుడు చెత్త, కుండీ కాగానే ఆస్తా సారూ?" పిప్పక్క గొంతు పెంచలేదు. "సరే, మీ ఆస్తి మీ ఆఫీసుగదిలో పోయించుకోండి. మూడోరోజు మాట్లాడుకుందాం."

నవ్వు గొట్టం దాకా పాకింది. ఆడవాళ్లు తొట్లు తెచ్చి దాని కింద వరసగా పెట్టి, నిండగానే ఆఫీసుగదికి మోసేందుకు సిద్ధమన్నట్టు పక్కనే నిలబడ్డారు. మేనేజరు బండిని వదిలాడు. గుంట తవ్వకం ఆపించాడు.

పిప్పి పనివాళ్లదేనని కాగితం మాత్రం రాసివ్వలేదు. వాళ్లు అడగడమూ మానలేదు.