వర్జ్యం దాటాక వేసిన వేలిముద్ర

1998లో న్యాయశాస్త్రం చదువు పూర్తి చేసి, న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుని, విశాఖపట్నంలో ఒక సీనియర్ గారి దగ్గర జూనియర్‌గా చేరాను. పాప పుట్టేదాకా అక్కడే పనిచేశాను. జూనియర్ అంటే కోర్టులో వాయిదాలు అడగడం, పాత ఫైళ్లకు నకళ్లు తీయించడం, సీనియర్ గారు వచ్చేలోపు కక్షిదారు కథంతా విని ఒక పేజీలోకి కుదించడం. వీలునామాలు కూడా మా వాటాకే వచ్చేవి. వాటిలో వాదన ఉండదు, ఫీజూ అంతంతమాత్రమే. నాకు మాత్రం ఆ పని ఇష్టంగా ఉండేది.

ఇప్పుడు ఉద్యోగం లేదు. పాప నిద్రపోయాక దొరికే సమయంలో ఇది రాస్తున్నాను. తల్లినయ్యాక నాకొక అలవాటు పట్టుకుంది. రేపు నాకేమైనా అయితే ఏ పని ఎవరు చూస్తారని ఆలోచిస్తూ ఉంటాను. ఆ ఆలోచన ముదిరినప్పుడల్లా 2001 వానాకాలంలో మా ఆఫీసుకు వచ్చిన పోలమ్మ గుర్తొస్తుంది.

పోలమ్మది జాలరిపేట. చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగి అమ్మిన మనిషి. ఆ సంపాదనతోనే రెండు గదుల ఇల్లు కొనుక్కుంది. దస్తావేజు ఆమె పేరు మీదే ఉంది. భర్త లేడు. పెద్ద కొడుకు ఎల్లాజీ తగరపువలసలో ఎండుచేపల కొట్టు పెట్టుకుని పెళ్లాం పిల్లలతో అక్కడే ఉంటున్నాడు. చిన్న కొడుకు వేటకెళ్లి సముద్రంలో పోయాడు. అతని భార్య రత్నం పుట్టింటికి వెళ్లకుండా అత్త దగ్గరే ఉండిపోయింది. పిల్లలు లేరు. ఆ రోజు అత్తను ఆటోలో తీసుకొచ్చింది ఆ రత్నమే.

పోలమ్మకు కడుపులో గడ్డ. సోమవారం పెద్దాసుపత్రిలో చేర్చి ఆపరేషన్ చేస్తామన్నారు. ఈలోగా ఇల్లు రత్నానికి చెందేలా కాగితం రాయించుకుంది. అది సరిగ్గా ఉందో లేదో ఒకసారి చూసిపెట్టమని వచ్చింది. సీనియర్ గారు కాగితాన్ని నా బల్ల మీద పెట్టి కోర్టుకు వెళ్లిపోయారు.

చూడవలసిన అవసరం నిజంగానే ఉంది. తల్లి ఆస్తి వీలునామా లేకుండా మిగిలిపోతే కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు వెళుతుంది. చనిపోయిన కొడుకుకు పిల్లలుంటే వాళ్లకూ వాటా ఉంటుంది. పిల్లలు లేని కోడలికి చట్టం ఏమీ ఇవ్వదు. పోలమ్మ ఆపరేషన్ బల్ల మీద కన్నుమూస్తే ఇల్లు మొత్తం ఎల్లాజీదే. రత్నం అక్కడ ఉండాలంటే అతని దయ మీద ఉండాలి.

కాగితం చక్కగా ఉంది. వీధిలో ట్యూషన్లు చెప్పే మాస్టారు డబ్బు తీసుకోకుండా రాసిపెట్టారట. తెల్లకాగితం మీద, విడమరిచి, ఇంటికి నాలుగు వైపులా ఎవరెవరి ఇళ్లున్నాయో కూడా రాశారు. స్టాంపు కాగితం కాదేమోనని పోలమ్మ భయపడింది. వీలునామాకు స్టాంపు అక్కర్లేదని, తెల్లకాగితం చాలని చెప్పాను. కింద ఆమె వేలిముద్ర, రెండు సాక్షి సంతకాలు ఉన్నాయి. చట్టం అడిగేది ఇద్దరు సాక్షులనే.

మా సీనియర్ గారు ఒక పద్ధతి నేర్పారు. కాగితం చూసి తృప్తిపడకూడదు, సంతకాలు ఎలా జరిగాయో జడ్జి ముందు చెప్పినట్టు చెప్పించుకోవాలి. ఆ మాటే పోలమ్మను అడిగాను. సాక్షులిద్దరూ వాళ్ల వీధివాళ్లే, ఫిషింగ్ హార్బర్‌లో ఒకే మరబోటు మీద పనిచేస్తారు. ఒకడు దాన్ని నడిపే డ్రైవరు, ఇంకొకడు కళాసి. వేటకెళితే వారం పైనే రారు. అందుకని తెల్లవారకముందే వచ్చి సంతకాలు పెట్టేసి బోటెక్కారు. మరి ఆమె వేలిముద్ర? ఆ వేళకు వర్జ్యం నడుస్తోందట. అది పోయాక, మధ్యాహ్నం భోజనం చేసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని తీరిగ్గా వేసింది.

నేను కలం కింద పెట్టాను. సాక్షి అంటే ఆ కాగితం మీద రాసేవారు సంతకమో వేలిముద్రో వేస్తుండగా చూసినవాడు. చూడకపోతే, ఇది నేను వేసిందే అని వాళ్ల నోటితో విన్నవాడు. ఆ తర్వాతే, వాళ్ల ఎదుటే, తన సంతకం పెట్టాలి. వీళ్లు ఆమె వేలు కాగితానికి తగలకముందే సంతకాలు పెట్టి సముద్రం మీదికి వెళ్లిపోయారు. రేపు కోర్టులో నిలబెట్టి ‘ఆమె వేలిముద్ర వేయడం చూశావా’ అని అడిగితే ఇద్దరూ లేదనే చెప్పాలి. ఈ కాగితం చెల్లదు.

ఈ సంగతి చెబితే పోలమ్మకు కోపం వచ్చింది.

“ఆల్లు పుట్టినకాడి నుంచీ నన్ను సూత్తన్నారు. ఇప్పుడు కొత్తగా నా ఏలు సూడాలేటి?”

రత్నం ఆమె చెయ్యి పట్టుకుని సముదాయించింది. తన కోసం ఇంత అవస్థ వద్దని, ముందు ఆపరేషన్ కానివ్వమని అంది. పోలమ్మ కోడలి వైపు తిరిగి, “నువ్వు నోర్ముయ్యే. బతికొత్తే నీతో దెబ్బలాడతాను, రాకపోతే నీకు ఇల్లుండాలా” అంది.

సాయంత్రం సీనియర్ గారికి చెప్పాను. మళ్లీ రాయాలన్నారు. సాక్షులు ఆమెకంటే చిన్నవాళ్లయితే మంచిదన్నారు. ఎందుకంటే ఆమె పోయాక వాళ్లలో ఒక్కడైనా వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఇద్దరూ ఒకే బోటు మీద వెళ్లేవాళ్లు వద్దన్నారు. కారణం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆస్తి పుచ్చుకునే రత్నాన్ని మాత్రం సాక్షిగా పెట్టకూడదు. అది అనుమానాలకు తావిస్తుంది.

మర్నాడు పోలమ్మకు ఈ మాటలు చెబితే, చిక్కల్లా మనుషుల దగ్గరే వచ్చింది. బోట్లు వెళ్లిన రోజుల్లో ఆ వీధిలో ఒడ్డున మిగిలిన మగవాళ్లు ముసలివాళ్లే. ఆడవాళ్లు ఉన్నారు కదా అన్నాను. ఆడవాళ్ల సంతకం చెల్లుతుందా అని పోలమ్మ ఆశ్చర్యపోయింది. మైనారిటీ తీరి, మతి స్థిమితంగా ఉన్నవాళ్లెవరైనా సరిపోతారు. పక్కింటి సత్తెమ్మ రాత్రిబడిలో సంతకం నేర్చుకుంది, ఆమె ఒప్పుకుంది. రెండో సాక్షిగా నన్నే పెట్టమందామనుకున్నాను. పోలమ్మ వేరే పేరు చెప్పింది. తగరపువలస ఎల్లాజీ.

వీలునామా వల్ల నష్టపోయేది అతనొక్కడే. వచ్చి గొడవ చేస్తే, తల్లి మనసు కరిగితే, సోమవారం లోపు కాగితమే ఉండదు. అతనికి చెప్పవలసిన అవసరం చట్టప్రకారం లేదని నెమ్మదిగా చెప్పి చూశాను.

“ఆడికి తెలీకుండా రాసీసిన కాయితం దొంగకాయితం అవుతాది తల్లీ” అంది పోలమ్మ. కబురు పంపేసింది.

ఆదివారం జాలరిపేట వెళ్లాను. ఎండుచేపల వాసనతో ఎల్లాజీ తిన్నగా కొట్టు నుంచే వచ్చినట్టున్నాడు. తల్లి మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. నేను కొత్తగా రాసి తెచ్చిన కాగితం గట్టిగా చదివాను. చదువు రాని మనిషి వేలిముద్ర వేసేటప్పుడు రాసినదంతా ఆమెకు వినిపించాలి, వినిపించినట్టు కింద రాయాలి కూడా. ఇదివరకటి కాగితం రద్దయినట్టు ఒక వాక్యం చేర్చాను. ఇల్లు రత్నానికి అన్న చోట ఎల్లాజీ తలెత్తాడు.

“మరి నాకేటీ లేదా అమ్మా?”

“నీకు పడవ ఇచ్చీసినాను కదరా. అమ్మీసుకున్నావు.”

“అమ్మీసినాన్లే” అన్నాడు. నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. లేచి బయటికి వెళ్లాడు.

వర్జ్యం ఇంకా ఉంది. పోలమ్మ ఈసారి కూడా అది దాటందే వేలు కదపనంది. నేను ఒప్పుకున్నాను. మొదటి కాగితాన్ని చెడగొట్టింది వర్జ్యం కాదు, అది దాటేదాకా ఆమె ఒక్కతే ఎదురుచూడడం. ఇప్పుడు అందరం కలిసి ఎదురుచూశాం. సత్తెమ్మ గుమ్మంలో కూర్చుంది. రత్నం టీ పెట్టింది. ఎల్లాజీ గోడవతల బీడీ కాలుస్తున్నట్టు పొగ వస్తోంది. అతను అటు నుంచి అటే బస్సెక్కేస్తాడేమోనని నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

కానీ అతను లోపలికే వచ్చి, నా ఎదురుగా నిలబడి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నాడు. ముందు మీ అమ్మ వేలిముద్ర పడాలి, తర్వాత మీది, అన్నాను. ఈ కాగితం మీకేమీ ఇవ్వదని తెలిసే పెడుతున్నారా అని కూడా అడిగాను. అడగడం నా పని.

“తెలుసు లాయరమ్మా. నాకు ముగ్గురు కొడుకులు. నాను ఊరుకున్నా ఆల్లు ఊరుకోరు. మా నాన్న వాటా అని రేపు ఈ పిల్ల మీదికొస్తారు. నా సంతకం ఉందనుకో, ఆల్ల నోటికి తాళం.” తర్వాత రత్నం వైపు తిరిగాడు. “గంగమ్మ పండక్కొస్తే నాకు తొంగోడానికి సాప ఏత్తావా, ఎయ్యవా? అది సెప్పు.”

“ఎయ్యనని ఎవులన్నారు బావా” అంది రత్నం. అప్పటిదాకా ఆమె కన్నీళ్లు నేను చూడలేదు.

ఆ చాప సంగతి కూడా కాగితంలో రాయమంటారా అని అడిగాను. నోటి మాట చాలన్నాడు. నాకూ అదే నయమనిపించింది, షరతులు పెరిగేకొద్దీ తగాదాలు పెరుగుతాయి.

వర్జ్యం దాటింది. పోలమ్మ ఎడమ బొటనవేలికి సిరా రాసి కాగితం మీద అద్దితే నల్లటి మరక పడింది తప్ప గీతలు రాలేదు. ఎన్నో ఏళ్లు ఐసులో, ఉప్పులో, కత్తిపీట మీద అరిగిపోయిన వేలు. సబ్బుతో కడిగించి, తుడిచి, సిరా పలచగా రాసి పక్కనే మరొకటి వేయించాను. ఈసారి గీతలు కనిపించాయి. పక్కన ఆమె పేరు రాశాను. ఆమె చూస్తుండగా ఎల్లాజీ సంతకం పెట్టాడు. సత్తెమ్మ ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ పెట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కోలుకున్నాక పోలమ్మ కాగితం మీద సర్కారు గుండ్రటి ముద్ర కావాలని పట్టుబట్టింది. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ చదువు రాని మనిషి రాసినదాన్ని సబ్ రిజిస్ట్రార్ ముందు పెడితే రేపు ఎవరూ ఆమెను మోసం చేసి రాయించారని అనలేరు. ఖర్చు కొద్దిపాటి ఫీజే. చేయించాం. సబ్ రిజిస్ట్రార్ ఆమెను ఎవరికి ఇస్తున్నావని అడిగితే, కాగితంలో ఉంది కదా చదువుకో నాయనా అందట.

ఆమె మరో రెండేళ్లు బతికింది. ఆ తర్వాత రత్నం పేరు మీదికి ఇంటి పన్ను మార్పించడానికి దరఖాస్తు పెడితే, ఎల్లాజీ చెప్పినట్టే అతని పెద్ద కొడుకులిద్దరూ మా ఆఫీసుకు వచ్చారు. నేను రిజిస్టరైన ప్రతి చూపించాను. పెద్దవాడు కింద సంతకం దగ్గర వేలు పెట్టి తమ్ముడికి చూపించాడు. అది నాన్నదే అని తమ్ముడు అన్నాడు. ఇద్దరూ మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. కేసు లేకుండా పోయిన ఆస్తి తగాదాలలో నాకు బాగా జ్ఞాపకం ఉన్నది ఇదే. ఎల్లాజీకి, ఆ పద్ధతి నేర్పిన సీనియర్ గారికి నేను కృతజ్ఞురాలిని.

వీలునామాకు పెద్ద ఖర్చు లేదు. తెల్లకాగితం, స్పష్టమైన మాటలు, ఇద్దరు మనుషులు చాలు. తప్పకూడనిది వరస: ముందు రాసేవారి చెయ్యి, తర్వాత వాళ్ల ఎదుట సాక్షుల చేతులు. సాక్షుల ఎంపికలో నేను నేర్చుకున్నది పుస్తకాల్లో లేదు. వీలునామా వల్ల నష్టపోయే మనిషి తెలిసి సంతకం పెడితే అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.

నా పేరు మీద చిన్న స్థలం ఒకటి ఉంది. నేను వీలునామా రాయకపోతే అందులో సగం మా ఆయనకు వెళుతుంది. మొత్తం పాపకే రాశాను. మొదటి సాక్షి సంతకం మా ఆయనది.