ఎలిశిబమ్మ పట్టిన తప్పులు

మెదక్ చర్చి వెనక వీధిలో ఎలిశిబమ్మ నోటికి జడవని వాళ్లు లేరు. ముప్పై ఏళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి. పెళ్లిపత్రికలో అచ్చుతప్పు కనిపిస్తే పెళ్లింటికే వెళ్లి చెప్పి వచ్చేది. భర్త లాజరూ పంతులే కానీ, నోట్లో నాలుక లేని మనిషి. అయితేనేం, పుస్తకం పట్టుకుని పైకి చదివితే మాత్రం ఆ గొంతు వీధి చివరికి వినపడేది.

రిటైరయ్యాక ఇద్దరికీ ఒక చిత్రమైన పని దొరికింది. లండన్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ, వందల ఏళ్ల కిందటి సూఫీ గురువుల ఫారసీ, అరబ్బీ రచనలను ఇంగ్లీషు చేయించి అక్కడి పాఠకుల కోసం అచ్చువేస్తుంది. అచ్చుకు ముందు తప్పులు దిద్దడం వీళ్ల పని. సాల్మన్ రాజు తన జిరాక్స్ షాపులో పేజీలు తీసిచ్చేవాడు. అనువాదకుడి ప్రతిని లాజరు పైకి చదవాలి, అచ్చు పేజీ మీద ఎలిశిబమ్మ పెన్సిల్ నడవాలి. కామా వస్తే కామా అనాలి. పేర్లలో అక్షరం కింద చుక్క ఉంటే "కింద చుక్క" అనాలి.

"చర్చి మనుషులు మీరు, సాయిబుల పుస్తకాలు మీకెందుకు?" అని ఎవరో ఎత్తిపొడిచారు. లాజరు ఒక్కసారే జవాబిచ్చాడు. "దేవుని మీద ప్రేమ, పావురం ఏ భాషల ఉన్నా తప్పుల్లేకుంట ఉండాలె గద."

పదకొండు పుస్తకాలు అట్లా అయ్యాయి. పన్నెండోది ఒక గురువు శిష్యులకు రాసిన ఉత్తరాలు. కిందటేడు జూలైలో ఒక సోమవారం సాయంత్రానికి పంపాలి, ఇంకా ఆరు పేజీలున్నాయి. ఉదయం పదిన్నరకు లాజరు "నది" అని ఉన్నచోట "గోడ" అని చదివాడు.

"అద్దాలు తుడుసుకోండ్రి," అందామె. తుడుచుకున్నాడు. మళ్లీ గోడే అన్నాడు.

తరువాతి వాక్యం ముద్దముద్దగా వచ్చింది. "గా సదువుడేంది, పాన్ నమిలినట్టు? సక్కగ సదువుండ్రి." మూడుసార్లు చదివించింది. పాపం, మూడుసార్లూ చదివాడు. చివరికి కాగితం ఆయన కుడిచేతిలోంచి జారిపోయింది. నిద్ర చాల్లేదేమో అనుకుందామె. "జర పండుకోండ్రి, నేనే చూస్కుంట," అని లోపలికి పంపి, రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కతే కూర్చుంది. అలవాటు లేని పని, మూడు గంటలు పట్టింది. మెయిల్ పంపి, చాయ్ పెట్టి లేపబోతే ఆయన మూతి ఒక పక్కకు పోయి ఉంది.

సాల్మన్ రాజు కారులో హైదరాబాద్ దవాఖానకు చేరేసరికి నాలుగు దాటింది.

"మాటలో తేడా ఎప్పుడొచ్చిందమ్మా?" అని డాక్టర్ అడిగాడు.

"పదిన్నరకు," అంది. అబద్ధమాడటం చేతకాని మనిషి.

"అప్పుడే తెచ్చి ఉంటే..." అని ఆయన మిగతాది మింగేశాడు. మింగినా ఆమెకు వినపడింది. ఊరందరి తప్పులూ పట్టే మనిషి, కట్టుకున్నవాడి ప్రాణం మీదికొస్తే దాన్ని చదువులో తప్పనుకుంది. తిట్టడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది?

లాజరును ఇంటికి తెచ్చుకుంది. మాట పోయింది, కుడి పక్క పోయింది. గంజి తాగించేది, గడ్డం గీసేది. ఆయన్ను ఒకే ఒక్క మాట అడగాలని రోజూ మంచం దగ్గర కూర్చునేది. వీధినంతా గడగడలాడించిన ఆ నోరు పెగిలేది కాదు.

ఐదో వారంలో లండన్ నుంచి మెయిల్ వచ్చింది. మీరు దిద్దిన పన్నెండు పుస్తకాల్లో ఇదే శుభ్రంగా ఉంది, ఒక్క తప్పూ లేదు అని. ఆయనకు చదివి వినిపించి, బోరున ఏడ్చింది.

"గా పొద్దు మిమ్మల్ని దవాఖానకు తోల్కపోకుంట సదివిచ్చిన. నన్ను మాఫ్ చేసిన్రా?"

లాజరు ఆమె వంకే చూశాడు. చాలాసేపు పెదవులు కదిపాడు. చివరికి ఏదో శబ్దం వచ్చింది. ఆయన నోట వచ్చే ప్రతి మాటనూ ఏళ్ల తరబడి పోల్చుకున్న మనిషికి, అది అవునో కాదో తెలియలేదు. ఇంకొకసారి అనమని అడగడానికి ధైర్యం చాలలేదు. ఆ ఆదివారమే లాజరు పోయాడు.