చెప్పి కొట్టే తుపాకీ

"అది ఏదో ఒక రోజు వెనక్కి పేలుతుంది ఉల్యా. పేలిందంటే ఫోమిచ్‌కి మొహమంటూ మిగలదు."

గ్లెబ్ పాలసీసాని వేడినీళ్ళలో తిప్పుతూ అన్నాడీ మాట. ఉల్యానా ఆశ్చర్యపోలేదు. పాప పుట్టాక భర్తకి కిటికీ సందులోంచి వచ్చే గాలి దగ్గర్నుంచి పై వాటావాళ్ళ పియానో బరువుదాకా అన్నీ ప్రమాదాలేనని ఆమెకి తెలుసు. గ్లెబ్ భౌతికశాస్త్రం చదువుకున్నాడు. బొగ్గుగనిలో గాలి ఎంత మంచిదో కొలవడం అతని ఉద్యోగం. భయపడటం ఆ ఉద్యోగంలో సగం. కానీ ఈ ఒక్క భయంలో మాత్రం ఊరు ఊరంతా అతని పక్షమే.

ఎందుకంటే ఫోమిచ్‌కి ఉన్నది ఒకటే పిచ్చి. ఆయన దగ్గరున్నది ఫారిన్‌ది కాదు, స్వదేశంలో తయారైన రైఫిల్. దాంట్లో ఏ లోపం కనిపించినా ఆయన దాన్ని సుగుణమనే వాదిస్తాడు.

సైబీరియా చలికి గుండు ఎక్కించే బోల్టు బిగుసుకుపోయి ఎంత లాగినా రాదు. "గడ్డకట్టలేదయ్యా, ఆలోచించుకుంటోంది," అంటాడు. మంచుతడికి తుపాకీ కర్రపిడి ఉబ్బుతుంది. "బతికున్న చెక్క. ఊపిరి తీసుకోవద్దా?" అంటాడు. వేటలో నడుస్తుంటే గుళ్ళున్న మ్యాగజైన్ ఊడి మంచులో పడిపోతుంది, అందరూ మోకాళ్ళ మీద కూచుని వెతుకుతారు. ఫోమిచ్ మాత్రం నిలబడి, "చూశారా, బరువు ఎక్కువైతే తనే దించుకుంటుంది," అంటాడు గర్వంగా.

అన్నిటికన్నా ఘనమైనది, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట. దాన్ని తోస్తే వచ్చే శబ్దానికి పక్క కొండ మీద కాకులు లేస్తాయి. ఒకసారి ఎల్క్ దుప్పి ఒకటి సరిగ్గా ఫోమిచ్ ఎదుటికొచ్చి నిలబడింది. మీట టక్కుమంది. దుప్పి తలతిప్పి ఆయన్ని తేరిపార చూసి, తొందరేమీ లేనట్టు వెళ్ళిపోయింది.

"చెప్పి కొట్టడం మర్యాదరా," అన్నాడు ఫోమిచ్.

"చెప్పావు సరే, కొట్టావా?" అన్నాడు నజార్.

నజార్ ఆయన ప్రాణస్నేహితుడు. ఇద్దరూ ఒకే గనిలో ఒకే షిఫ్టులో పనిచేసి రిటైరయ్యారు. రైఫిళ్ళు కూడా ఒకే రోజు ఒకే కొట్లో కొన్నారు. నజార్ ఆస్ట్రియాది తీసుకున్నాడు. ఫోమిచ్ దాన్ని పక్కకి నెట్టి, "నాకు మనదే ఇయ్యి," అన్నాడు. ఆ రోజు మొదలైన పోట్లాట ఇన్నేళ్ళూ ప్రతి ఆదివారం వేటకెళ్ళే పాత వ్యానులో సాగుతూనే ఉంది.

"ఒరేయ్ ఫోమిచ్, ఆ ఇనపకడ్డీని ఇంట్లో పొయ్యి కెలుక్కోడానికి వాడుకోరా. మీ ఆవిడ క్లావా సంతోషిస్తుంది."

"నీ ఫారిన్‌దానికి పెంపకం లేదు నజార్. వేలు తగిలితే చాలు ఎగిరిపడుతుంది. నాది బతిమాలితే గానీ పేలదు."

"బతిమాలినా పేలదు గదరా!"

నవ్వీ నవ్వీ నజార్‌కి దగ్గొచ్చేది. దగ్గు తగ్గాక రొట్టె మీద ఉప్పులో ఊరిన పందికొవ్వు ముక్క పెట్టి ఫోమిచ్‌కి అందించేవాడు. ఫోమిచ్ తన ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చేవాడు. వ్యానంతా నవ్వులు, వెల్లుల్లి వాసన.

వేటగుంపుకి పెద్ద యెగోర్. అతనిదొక నియమం. నమ్మకమైన తుపాకీ ఉన్నవాళ్ళు అడవి అంచున మాటు వేసి నిలబడాలి. ఇద్దరు మాత్రం అవతలి వైపు నుంచి మోకాలిలోతు మంచులో అరుచుకుంటూ నడిచి దుప్పుల్ని మాటుకేసి అదిలించాలి. ఒకడు యెగోర్. రెండోవాడెవడో టోపీలో చీటీలు వేసి తీయాలి. కానీ ఫోమిచ్ రైఫిలుండగా చీటీల అవసరమేముంది?

"ఫోమిచ్, నువ్వెలాగూ కొట్టవు. అదిలింపుకి పద," అనేవాడు యెగోర్.

"నా తుపాకీ విలువ మీకు తెలీదు," అని గొణుక్కుంటూ ఫోమిచ్ మంచులో నడిచే స్కీలు కాళ్ళకి తగిలించుకునేవాడు. నజార్ మాటులో స్టూలేసుకుని కూచుని వెనకనుంచి అరిచేవాడు: "దుప్పి కనిపిస్తే నీ తుపాకీ చూపించరా! నవ్వి చస్తుంది!"

మామూలు షాట్‌గన్‌తో ఆ గుంపులోనే వేటాడే గ్లెబ్‌కి ఇదంతా సరదాగానే ఉండేది. పాప పుట్టాకే ఆ తుపాకీ కలలోకి రావడం మొదలైంది. పైగా డెబ్భై దగ్గరపడ్డ మనిషి ఆ పనికిమాలిన ఇనుము మూలంగా మంచులో పడి నడుస్తున్నాడే అని బాధ. శాస్త్రం చదివినవాడు కనక ముందు రుజువు కావాలనుకున్నాడు. గురి ప్రాక్టీసు మైదానంలో కాగితాలు కట్టి ఫోమిచ్ చేత పేల్పించాడు. కాగితం మీద చిల్లులు ఒకదాన్నొకటి ఎరగనట్టున్నాయి. ఒకటి పక్కవాడి కాగితంలో దొరికింది.

"చూడండి ఫోమిచ్, ఈ లెక్కన గుండు ఎక్కడికెళ్తుందో మీకూ తెలీదు, దుప్పికీ తెలీదు."

"అదేగా న్యాయం. ఇద్దరికీ సమానం."

ఇక లాభం లేదనుకున్నాడు గ్లెబ్. ఫోమిచ్ డెబ్భయ్యో పుట్టినరోజుకి ఫారిన్ రైఫిల్ కొనిద్దామని గుంపులో ప్రతిపాదించాడు. అందరికన్నా ముందు ఎగిరి గంతేసినవాడు నజార్. "నాదానికి జోడు చూడు, అచ్చం అలాంటిదే! ఇన్నాళ్ళకి వాణ్ణి పక్కన నిలబెట్టుకుంటా." పాత తుపాకీ లైసెన్సు పునరుద్ధరణ అని అబద్ధం చెప్పి, క్లావా భర్తచేత కొత్తదాని పోలీసు కాగితాల మీద సంతకం పెట్టించింది.

పుట్టినరోజు నాడు పెల్మెనీ మాంసం కుడుముల గిన్నెలు పక్కకి జరిపి బల్ల మీద రైఫిల్ పెట్టారు. నల్లగా, నూనెరాసిన పిల్లిలా మెరుస్తోంది. బోల్టు కదిపితే చప్పుడే లేదు.

ఫోమిచ్ చాలాసేపు చూశాడు. నజార్ మొహంలోకి చూశాడు. పెళ్ళికొడుకు తండ్రిలా వెలిగిపోతున్నాడు నజార్. ఫోమిచ్ లేచి వాణ్ణి కౌగిలించుకుని బుగ్గల మీద ముద్దుపెట్టుకున్నాడు.

"మంచి వస్తువు," అన్నాడు. అంతే.

రోజూ ఇంటిపైకప్పు ఎగిరేలా పాడే మనిషి ఆ సాయంత్రం పాడలేదు. సంతోషం ఎక్కువై మాట రావట్లేదనుకున్నారు. అందరికన్నా గట్టిగా అలా అనుకున్నవాడు గ్లెబ్.

మొదటి మంచు పడ్డాక వేటకి బయల్దేరారు. వ్యానులో కొత్త రైఫిల్ ఫోమిచ్ మోకాళ్ళ మధ్య ఉంది. నజార్ అలవాటుగా నోరు తెరిచాడు. మూశాడు. దాన్ని ఏమని వెక్కిరిస్తాడు, తనలాంటిదే గదా. కాసేపాగి, "కర్ర బాగుంది," అన్నాడు. "బాగుంది," అన్నాడు ఫోమిచ్. ఆ తర్వాత దారంతా ఇంజన్ శబ్దమే. గ్లెబ్‌కి అప్పుడే ఏదో తేడాగా అనిపించింది. దేన్ని తీసేశారో మాత్రం తట్టలేదు.

అడవి దగ్గర యెగోర్ టోపీ తీశాడు. "ఇక అందరివీ మంచి తుపాకులే. చీటీలు తియ్యండి."

గ్లెబ్ చీటీ ఖాళీ. లోలోపల బతికిపోయాననుకున్నాడు. ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని అడవిలో దారి తప్పితే? గీత ఉన్న చీటీ నజార్‌కి వచ్చింది.

"ఇలా తే," అన్నాడు ఫోమిచ్ చెయ్యిచాపి. "నేనెళ్తా. నాకలవాటు."

"ఎందుకు తేవాలి? నేను ముసలాణ్ణయిపోయానా?"

"నీ కన్నా నాలుగు నెలలు నేనే పెద్దరా."

"అయితే కూచో. పెద్దాయన కూచోవాలి. కొత్త తుపాకీతో ఈ రోజైనా కొట్టి చావు."

యెగోర్ మధ్యలోకి రాలేదు. గతంలో ఒకసారి, "నజార్, నువ్వు ఉండిపో, దగ్గుతున్నావు" అన్నందుకు ఏడాదిపాటు నజార్ అతనితో మాట్లాడలేదు. ఫోమిచ్ ఇంకా చెయ్యి చాపే ఉన్నాడు. నజార్ స్కీలు బిగించుకుని వెళ్ళిపోయాడు.

మాటులో నిలబడితే అడవి అంతా చెవుల్లోనే ఉంటుంది. యెగోర్ గొంతు కుడివైపు నుంచి గట్టిగా వస్తోంది. ఎడమవైపు నుంచి నజార్ "హో! హో!" మొదట బాగానే వినిపించింది. తర్వాత రెండు అరుపుల మధ్య ఎడం పెరిగింది. తర్వాత ఒక అరుపు సగంలో తెగింది. ఆ తర్వాత ఏమీ లేదు.

ఫోమిచ్ మాటు వదిలి పరిగెత్తడం గ్లెబ్ చూశాడు. ఆ కొత్త రైఫిల్ని ఆయన మంచులో పడేసి పోయాడు. వేటలో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

నజార్ ఒక బర్చ్ చెట్టుని కౌగిలించుకుని కూచుని ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. "స్కీ పట్టీ తెగింది," అన్నాడు, ఒక్కో మాటకి ఒక్కో ఊపిరి పెట్టి. పట్టీ తెగలేదు. ఎవరూ ఆ మాట అనలేదు. కొమ్మల మీద పడుకోబెట్టి వ్యానుదాకా లాక్కొచ్చారు.

నజార్ కోలుకున్నాడు గానీ ఆ చలికాలం మళ్ళీ వేటకి రాలేదు. పిలవడానికి వెళ్తే, "ఆదివారం టీవీలో హాకీ ఉంది," అనేవాడు. జన్మలో హాకీ చూసిన మనిషి కాదు. ఫోమిచ్ కూడా రావడం మానేశాడు. వ్యానులో రెండు సీట్లు ఖాళీ. గ్లెబ్ రోజూ గనిలోకి దిగి గాలి కొలిచేవాడు. అన్నేళ్ళు పక్క సీట్లో కూచున్న మనిషి ఊపిరి మాత్రం అతనికి వినపడలేదు. దగ్గొస్తే నవ్వు వల్లనుకున్నాడు.

తను కొత్త తుపాకీ కొనిపించబట్టే గదా చీటీ నజార్‌కి పోయిందని, ఫోమిచ్‌కి ఏదోవిధంగా క్షమాపణ చెప్పాలని ఒక మధ్యాహ్నం బయల్దేరాడు. ఆయన పాత ఇసుకక్వారీ దగ్గరున్నాడని క్లావా చెప్పింది. వెళ్ళేసరికి ఫోమిచ్ పాత రైఫిల్తో నిలబడి ఉన్నాడు. దూరంగా దుంగ మీద వరసగా ఊరగాయ సీసా మూతలు. బోల్టు వెన్నలో కత్తిలా కదిలింది. సేఫ్టీ మీట కిక్కురుమనలేదు. ఒక మూత ఎగిరిపోయింది. రెండోది. మూడోది.

గ్లెబ్ నోరు తెరిచాడు. "ఫోమిచ్! మరి ఆ రోజు కాగితం..."

ఫోమిచ్ దొంగలా వెనక్కి తిరిగాడు. "పక్కవాడి కాగితానికి తగిలించడం ఎంత కష్టమో నీకేం తెలుసు! బాగా కొట్టడం ఎవడైనా చేస్తాడు."

"బోల్టు గడ్డకట్టడం?"

"పందికొవ్వు పూసేవాణ్ణి."

"మీట శబ్దం?"

"రేకుముక్క దోపా." ఫోమిచ్ పక్కనున్న ఇంకో దుంగ మీద కూచున్నాడు. తుపాకీని ఒళ్ళో పెట్టుకుని కర్రని నిమిరాడు. "ఇంత మంచి తుపాకీ. ఊరంతటి చేతా తిట్టించా దీన్ని. నోరుంటే ఉమ్మేసేది నా మొహాన."

"ఎందుకండీ?"

"కొన్న రోజు నేనూ ఆస్ట్రియాదే కొందామని వెళ్ళా. కొట్టు మేడమీద. నజార్ గాడు మెట్ల మధ్యలో ఆగి గోడమీద నోటీసు చదివాడు. ఇంకాస్త ఎక్కి ఇంకోటి చదివాడు. వాడికి కళ్ళద్దాల్లేవు ఆ రోజు. అప్పుడర్థమైంది, గని వాడి ఊపిరితిత్తుల్ని తినేసిందని. వీడింక అదిలింపుకి నడవలేడు, నడవలేనని ఒప్పుకోడు. అందుకని నడిచే పని నా మీద పడేలాంటి తుపాకీ కావాలనుకున్నా. మంచి తుపాకీనే చెడ్డదాన్ని చేశా."

గ్లెబ్ మంచులోకి చూస్తూ నిలబడ్డాడు. "నేను పాడుచేశాను."

"నువ్వు మంచే చేశావయ్యా. అదే చిక్కు. చెడు చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి."

"మళ్ళీ ఈ పాతది పట్టుకురండి."

"వాడు చేత్తో ఇచ్చిన కొత్తదాన్ని మూలన పెట్టనా? ఇక నావల్ల కాదు. నా మోకాలు కూడా పోయింది." లేచి మంచు దులుపుకున్నాడు. "వాడికి దగ్గు కాదు గ్లెబ్ ఇప్పుడు జబ్బు. వెక్కిరించడానికి ఎవడూ లేడు."

ఆ చలికాలం అలాగే పోయింది. పోయినది పోయినట్టే. దాన్ని తలుచుకున్నప్పుడల్లా గ్లెబ్‌కి ఆ ఖాళీ సీట్లే కళ్ళముందుకొస్తాయి.

అన్నేళ్ళూ షాట్‌గన్‌తో వేటాడాక, శరత్కాలంలో గ్లెబ్‌కి రైఫిల్ లైసెన్సు వచ్చింది. పెళ్ళికి ముందునుంచీ అతని మనసు ఫిన్లాండు రైఫిల్ మీద ఉంది. దాని బొమ్మ గోడకి అంటించి పెట్టుకున్నాడు కూడా. ఫోమిచ్‌ని వెంటబెట్టుకుని కొట్టుకి వెళ్ళాడు. కొట్టు కుర్రాడు ఫిన్లాండుది తీసి బల్ల మీద పెట్టాడు. గ్లెబ్ దాన్ని ఒక్కసారి చేత్తో తాకి, పక్కకి జరిపాడు.

"మనది చూపించండి."

"మంచి పని చేశారు. ఇప్పటి మనవి అదిరిపోతున్నాయండీ. బోల్టు చూడండి, వెన్న!"

"మరీ అంత వెన్నలాంటిది వద్దు," అన్నాడు గ్లెబ్ కంగారుగా. ఫోమిచ్ బల్లకింద అతని కాలు తొక్కాడు.

ఆదివారం పొద్దున్నే వ్యాను నజార్ గుమ్మం ముందు ఆగింది. గ్లెబ్ తుపాకీ చంకన పెట్టుకుని తలుపు కొట్టాడు. నజార్ ఉన్ని చొక్కాలో బయటికొచ్చాడు. ఆ వేసవంతా బాగా చిక్కిపోయాడు.

"బాబాయ్, కాస్త ఈ బోల్టు చూస్తారా? మన ఫ్యాక్టరీదే. రావట్లేదు."

నజార్ చూశాడు. గ్లెబ్ చేతిలో తుపాకీని, గ్లెబ్ మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"కొన్నావా దీన్ని? డబ్బిచ్చి? ఫిన్లాండు బొమ్మ గోడకి అంటించుకున్నవాడివి!"

"గడ్డకట్టలేదు బాబాయ్. సిగ్గుపడుతోంది. కొత్తకోడలు గదా."

నజార్ మొదట ముక్కుతో నవ్వాడు. తర్వాత తలుపుచెక్క పట్టుకుని నవ్వాడు. దగ్గొచ్చింది, తగ్గింది. "ఒరేయ్ ఫోమిచ్!" అని వ్యానుకేసి అరిచాడు. "నీ రోగం కుర్రాడికి అంటించావు గదరా!" అని లోపలికెళ్ళి కోటు వేసుకున్నాడు.

ఆ రోజు అదిలింపుకి చీటీలు తియ్యాల్సిన పని లేకపోయింది. ఇప్పుడు నజార్ ఒంట్లో బాగున్న ఆదివారాల్లోనే వస్తాడు. అవి ఎక్కువ లేవు. మాటులో ఆ ఇద్దరు ముసలాళ్ళూ రెండు స్టూళ్ళ మీద పక్కపక్కనే కూచుని గ్లెబ్ తుపాకీని తిడతారు. దారి తప్పుతానేమోనని గ్లెబ్‌కి ఇప్పటికీ భయమే. అయినా మంచులో నడుస్తాడు. ఇంట్లో కూడా, పాపని కాసేపు వదిలితే తనకి గుండె దడని చెప్పి రోజూ పని నుంచి రాగానే తనే ఎత్తుకుంటాడు. "ఇంత పిరికి తండ్రిని ఎక్కడా చూళ్ళేదు," అని నవ్వి ఉల్యానా హాయిగా నిద్రపోతుంది.

తుపాకీ కొన్న రోజు కొట్టు మెట్లు దిగుతూ, చేతికర్ర ఊతంగా నిలబడి ఫోమిచ్ గ్లెబ్‌కి చెప్పింది ఇంతే:

"ఎవడికైనా సాయం చెయ్యాలనుకుంటే ముందు వాడు నిన్ను చూసి నవ్వేలా చేసుకో. నవ్వుతున్నప్పుడు తను తీసుకుంటున్నానన్న సంగతి మనిషికి గుర్తుండదు."