అత్తయ్య తోమిన ఇంజను

ఆ రోజుల్లో మెకానికల్ డిప్లొమా పాసైన కుర్రాడికి లోకంలోని యంత్రాలన్నీ తన చేతి కోసమే పాడై కూర్చున్నాయనిపించేది. నాకైతే మరీను. గుడివాడలో మా ఇంట్లో కుట్టుమిషను కిర్రుమన్నా, పక్కింటి వాళ్ళ మోటారు నీళ్ళు లాగకపోయినా, ఎవరూ పిలవకుండానే స్క్రూడ్రైవరు పట్టుకుని హాజరయ్యేవాణ్ణి. (కుట్టుమిషను ఆ తర్వాత కిర్రుమనడం మానేసింది. కుట్టడం కూడా మానేసింది.) మూడేళ్ళ చదువులో ఇంజను బొమ్మ ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు గానీ, నిజం ఇంజను ఒక్కటంటే ఒక్కటి విప్పిన పాపాన పోలేదు. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా జాగ్రత్తపడేవాణ్ణి. తొంభైల మధ్యలో, ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఇంట్లో కూర్చున్న ఒక వానాకాలంలో, దివిసీమ నుంచి మా మేనత్త ఉత్తరం రాసింది. "మీ మావయ్య చిన్న ట్రాక్టరు కదలడం లేదు. ఇంజనీరువి కదా, ఒకసారి వచ్చి చూడు" అని. ఇంజనీరు అన్న మాట దగ్గర నేను ఉత్తరం చదవడం ఆపేసి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

అత్తయ్యది హంసలదీవి వెళ్ళే దారిలో, కాలవకి బాగా శివారున ఉన్న ఊరు. ఇంటి వెనక కొబ్బరితోట, తోట దాటితే రెండెకరాల వరిచేను. పెద్ద ట్రాక్టరు ఆ కొబ్బరిచెట్ల మధ్య దూరదు. అందుకే మావయ్య ఉన్న రోజుల్లో ఈ చిన్న ట్రాక్టరు తెచ్చుకున్నాడు. రెండే చక్రాలు, వెనక పొడుగాటి హ్యాండిళ్ళు, ముందు లావుపాటి డీజిల్ ఇంజను. ఎక్కి కూర్చుని తోలేది కాదు, వెనకాల నడుస్తూ తోలేది. మావయ్య పోయిన నాలుగేళ్ళుగా అది పశువుల పాకలో పడి ఉంది. ఆ నాలుగేళ్ళూ ఎడ్లతో నెట్టుకొచ్చిన అత్తయ్య, వాటికి వయసైపోయి ఆ ఏడు అమ్మేసింది. నేను వెళ్ళి చూసేసరికి ట్రాక్టరు టూలు పెట్టెలో కోడి పొదుగుతోంది. పరాయివాణ్ణి చూసినట్టు నన్నొక చూపు చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

కాఫీ ఇస్తూ అత్తయ్య అసలు సంగతి చెప్పింది. శివారు ఊళ్ళకి కాలవ నీళ్ళు వంతుల లెక్కన వస్తాయి. వచ్చిన నాలుగు రోజుల్లో చేను తడిపి, దమ్ము చేసి, అంటే బురద బురదగా కలియదున్ని, నాట్లకి సిద్ధం చేసుకోవాలి. ఆ నాలుగు రోజులూ దాటితే నారు ముదిరిపోతుంది. చుట్టుపక్కల చేలన్నీ అప్పటికే రొయ్యల చెరువులైపోయాయి. వాటిని తవ్వించినాయన అత్తయ్యకి వరసకి మరిది, నాకు వరసకి మావయ్య, ఊరందరికీ చెరువుల మావయ్య. మంచివాడే. రోజూ సాయంత్రం వచ్చి, "నాకిచ్చెయ్ వదినా, ఒక్కదానివి ఈ బురదలో ఎందుకు అవస్థ?" అని అడిగి వెళ్ళేవాడు. అడిగించుకుని అడిగించుకుని విసిగిపోయి అత్తయ్య ఒకరోజు మాట ఇచ్చేసిందట. "ఈ వంతుకి దమ్ము అయితే నా చేను నాది మరిదీ. కాకపోతే నీ ఇష్టం."

"ఇస్తే ఏమవుతుందత్తయ్యా?" అన్నాను నేను, చదువుకున్నవాణ్ణి కదా.

"ఏమవుద్దేంట్రా! ఉప్పు తేలిన నేల అది. మంచి నేల చెయ్యడానికి మీ మావయ్యకి పదేళ్ళు పట్టింది. రొయ్యలకి ఉప్పునీళ్ళు పెడితే పది రోజుల్లో మళ్ళీ మొదటికొస్తది" అని, గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. గుమ్మం దగ్గర ఆగి, "బందరు సాయిబు గారికి కబురు పెట్టనా? మీ మావయ్య ఉన్నప్పుడు ఆయనే చూసేవారు" అంది. "నేనుండగా సాయిబు గారెందుకత్తయ్యా?" అన్నాను. ఆ మాట అన్న మనిషి ఇప్పుడు ఎదురుపడితే చెవి మెలిపెట్టి వదిలేవాణ్ణి.

వంతు రావడానికింకా వారం ఉంది. వాకిట్లో పందిరి కింద నున్నటి గచ్చు చూసుకుని ఇంజను మొత్తం విప్పేశాను. విప్పడంలో నన్ను మించినవాడు లేడని ఆ రోజే రుజువైంది. విప్పిన ప్రతి భాగాన్నీ వరసగా పేర్చి, పక్కన సుద్దముక్కతో నంబరు వేశాను. (నంబర్లన్నీ నోటుపుస్తకంలో కూడా రాసుకోవాలని మా మేష్టారు చెబుతూ ఉండేవారు. నాకు నా జ్ఞాపకశక్తి మీద గౌరవం ఎక్కువ.) అదృష్టం బాగుండి డీజిల్ పంపు జోలికి వెళ్ళే ధైర్యం మాత్రం చెయ్యలేదు. సాయంత్రం చెరువుల మావయ్య వస్తే, గవర్నరులోంచి తీసిన రేగుపండంత ఉక్కుగుండు ఒకటి వేళ్ళ మధ్య పట్టుకుని ఉపన్యాసం ఇచ్చాను. "చూశారా మావయ్యా, ఇంజను వేగం హద్దు దాటకుండా కాపలా కాసేది ఇలాంటి ఆరు గుళ్ళు!" ఆయన బుద్ధిగా విని, "అయితే నాలుగు రోజుల్లో నడుపుతావన్నమాట" అన్నాడు. "రెండు చాలు" అన్నాను. భోజనాల దగ్గర కూడా నా ఉపన్యాసం ఆగలేదు. "భాగాలు అద్దంలా మెరవాలత్తయ్యా. అవి మెరిస్తే సగం రిపేరు అయిపోయినట్టే!" అన్నాను. అత్తయ్య శ్రద్ధగా తల ఊపింది. నేను చెప్పింది అంత శ్రద్ధగా విన్న మనిషి నా జీవితంలో అంతకు ముందు లేదు.

మర్నాడు ఎనిమిదింటికి (ఇంజనీర్లు అప్పుడే లేస్తారు) వాకిట్లోకి వచ్చేసరికి గచ్చు మీద నా ఇంజను లేదు. నా నంబర్లు లేవు. గచ్చంతా కడిగి, మధ్యలో ముచ్చటైన చుక్కల ముగ్గు పెట్టి ఉంది. వాకిలి కడిగి ముగ్గు పెట్టకుండా అత్తయ్య మంచినీళ్ళు కూడా ముట్టదన్న సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. పందిరి గుంజ దగ్గర ఇత్తడి గంగాళం నిండా, పెళ్ళివారి సామానులా తళతళలాడుతూ, నట్లూ బోల్టులూ వాషర్లూ స్ప్రింగులూ అన్నీ ఒకదాని మీద ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"చింతపండు పెట్టి, బూడిదతో తోమానురా. కొబ్బరిపీచు అరిగిపోయింది" అంది అత్తయ్య. తెల్లవారుజాము నుంచీ కూర్చుని తోమిందట. ఆ ముఖంలో ఉన్న సంతోషం చూశాక కోప్పడడానికి నాకు నోరు రాలేదు. అయినా కోప్పడాల్సింది ఎవర్ని? అద్దంలా మెరవాలన్నది నేనే కదా.

నాలుగు రోజులు ఆ గంగాళంతో కుస్తీ పట్టాను. బిగించడం, బిగుసుకుపోవడం, విప్పడం. ఐదో రోజున, అనుకున్నదానికంటే ముందే, కాలవలోకి నీళ్ళొచ్చాయి. చేలోకి నీళ్ళు తిప్పి వచ్చి అత్తయ్య నాకు ఎప్పటిలాగే కాఫీ ఇచ్చింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. ఆరో రోజు పొద్దున్నే అవనిగడ్డ వెళ్ళి బందరు బస్సెక్కాను.

సాయిబు గారు గిలకలదిండిలో వేటపడవల ఇంజన్లు బాగుచేసేవారు. అరవై దాటిన మనిషి. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా. పని మధ్యలో ఉన్నా ఆ తెలుపు మీద ఒక్క నూనె మరక కనిపించలేదు. నా కొత్త ప్యాంటు మీద అప్పటికే దివిసీమ పటమంత మరక ఉంది. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస నడుస్తున్న ఇంజనుకి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని వింటున్నారు. డాక్టరు గుండె విన్నట్టు. విని, "రెండో వాల్వు" అన్నారు అంతే. నేను చెప్పిందంతా విన్నాక నవ్వుతారనుకున్నాను. "అమ్మగారి చేను నీళ్ళు తాగి ఎన్నాళ్ళయింది?" అని అడిగి, సంచీ భుజాన వేసుకుని నాతో బస్సెక్కేశారు.

గంగాళంలోంచి ఒక బోల్టు తీసి వెలుగులో తిప్పి చూసి, "పుట్టినప్పుడు కూడా ఈ ఇంజను ఇంత తెల్లగా లేదమ్మా" అన్నారు అత్తయ్యతో. ముందు అన్నిటినీ కిరసనాయిల్లో రెండుసార్లు కడిగించారు, బూడిద రవ్వ కూడా మిగలకుండా. ఆ తర్వాత నిట్టూర్చారు. "పెద్ద భాగాలు నాకు తెలుసు బాబూ. ఈ బోల్టులు ఒక్కోటి ఒక్కో పొడుగు, ఈ రేకులు ఒక్కోటి ఒక్కో మందం. ఏది ఎక్కడిదో కొలుచుకుంటూ పెడితే వారం పడతది. వంతు ఎల్లుండితో అయిపోతదంటున్నావు."

అత్తయ్య మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, "వరస కావాలా? ఆ ముక్క ముందే అడగొచ్చు కదరా!" అంది.

లోపలికి వెళ్ళి ముగ్గు డబ్బా తెచ్చింది. గచ్చు మీద వంగి, వేళ్ళ సందులోంచి ముగ్గుపిండి వదులుతూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. "పై వరసలో తొమ్మిది. దాని కింద ఏడు, అందులో మూడోది పొడుగు మేకు. ఇక్కడ సన్న రేకులు నాలుగు, ఒకదాని మీద ఒకటి, అన్నిటికన్నా పల్చంది పైన…" నలభై ఏళ్ళుగా పొద్దున్నే ఇరవయ్యొక్క చుక్కల ముగ్గుల్ని కాగితం చూడకుండా వేసే మనిషికి, నేను రోజంతా పేర్చిన ఇంజను ఇంకొక ముగ్గులా కనిపించిందన్నమాట. నేను పేర్చిన సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఒక్కసారి తేరిపార చూసిందట, అంతే. సాయిబు గారు గంగాళంలోంచి ఒక్కో భాగం తీసి, కొలిచి, దాని చుక్క మీద పెట్టి, తల ఊపుతూ పోయారు. ఒక్కటి తప్పలేదు. చివరికి గచ్చు మీద నా ఇంజను మళ్ళీ పరుచుకుంది. నా నంబర్లు లేకుండానే.

"బాబూ, చదువుకున్న మేస్త్రీవి నువ్వు, పని నేర్చిన మేస్త్రీని నేను. ఇక్కడ అసలు మేస్త్రీ అమ్మగారు" అన్నారు సాయిబు గారు. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. అయినా బాధ వెయ్యలేదు. ఆవిణ్ణి చూస్తుంటే గర్వంగా అనిపించింది.

బిగింపు మొదలైంది. మర్నాటి మధ్యాహ్నానికి గవర్నరు దగ్గరికి వచ్చేసరికి అత్తయ్య ఆపింది. "ఈ చుక్క ఖాళీగా ఉంది."

"అంత చిన్న గుండు ఒక్కటి లేకపోయినా నడుస్తుందత్తయ్యా, ఐదున్నాయి కదా" అన్నాను. (బుద్ధి అంత త్వరగా రాదు.)

"ఆ సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆరున్నాయి. పొద్దున నేను తోమింది ఐదే" అంది అత్తయ్య. సాయిబు గారు పానా కింద పెట్టేశారు. "అమ్మగారి లెక్క పూర్తయ్యేదాకా నేను తిప్పను. కాపలావాడు ఒకడు తగ్గినా ఇంజను చెయ్యి దాటి పోవచ్చు." ఇల్లంతా వెతికాం. కోడిని లేపి టూలు పెట్టె కూడా వెతికాం. అప్పుడు నాకు చెరువుల మావయ్యకి ఇచ్చిన ఉపన్యాసం గుర్తొచ్చింది. వెళ్ళి కొక్కేనికి తగిలించిన చొక్కా జేబులో చెయ్యి పెట్టాను. చల్లగా, గుండ్రంగా తగిలింది. ఆ గదిలోంచి వాకిట్లోకి నడిచిన పది అడుగులంత పొడుగాటి దారి నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.

అత్తయ్య దాన్ని నా చేతిలోంచి తీసుకుని, కొంగుతో తుడిచి, ఖాళీ చుక్క మీద పెట్టింది. ఒక గంట తర్వాత సాయిబు గారు ఇంజను స్టార్టు చేసే హ్యాండిలు నాకిచ్చి, "తిప్పు ఇంజనీరు గారూ" అన్నారు. రెండుసార్లు తిప్పితే భుజం ఊడొచ్చినంత పనైంది. మూడోసారికి నల్లటి పొగ కక్కి, కోళ్ళు కొబ్బరిచెట్లంత ఎత్తు ఎగిరేలా డగడగమంది. సాయిబు గారు స్క్రూడ్రైవరు ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. ఆ తర్వాత పిడిని అత్తయ్య చేతికిచ్చి చెవి దగ్గర పెట్టుకోమన్నారు. అత్తయ్య విన్నది. వింటూ ఉండగానే కళ్ళమ్మట నీళ్ళు కారాయి. "మీ మావయ్య ఉన్నప్పుడు ఇట్టాగే కొట్టుకునేది" అంది.

ఇనుప దమ్ము చక్రాలు వేసుకుని తోటలోంచి చేలోకి దిగాం. మొదటి మలుపులోనే ట్రాక్టరు నన్ను బురదలో బోర్లా పడేసి తన దారిన తను వెళ్ళిపోయింది. సాయిబు గారు లుంగీ ఎగ్గట్టి పరిగెత్తి ఆపారు. (అప్పుడు కూడా మరక అంటలేదు. ఎలాగో నాకిప్పటికీ తెలియదు.) చీకటి పడకముందే సగం, వంతు ఆఖరిరోజైన మర్నాడు మిగతా సగం దమ్ము అయిపోయింది. గట్టు మీద నిలబడి చూసిన చెరువుల మావయ్య, "సరే వదినా, ఇంక అడగను" అన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "మా పెరట్లో నాలుగు అరటి వరసలు కూడా దున్ని పెడతాడేమో మీ మేనల్లుణ్ణి అడుగు" అన్నాడు.

ఆ మర్నాడు బయల్దేరుతూ వాకిట్లోకి వచ్చి ఆగిపోయాను. గచ్చు మీద కొత్త ముగ్గు. తొమ్మిది చుక్కలు, ఏడు చుక్కలు, వాటి మధ్య మెలికలు తిరిగిన గీతలు. మా ఇంజనంతా అక్కడ ఉంది. కింది వరసలో ఆరు చుక్కలు, ఆరోదాని మీద మాత్రం కుంకుమ. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, "కొత్త ముగ్గులా ఉందే, ఎక్కడ నేర్చావు వదినా?" అని అడిగింది.

"మా మేనల్లుడు నేర్పాడు. ఇంజనీరు" అంది అత్తయ్య.

కాదని చెప్పాలి నేను. చెప్పలేదు. సంచీ సర్దుకుంటున్నట్టు నటించి నిలబడ్డాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఆ ఒక్క మాట వదులుకోవడానికి మనసొప్పలేదు.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునే పిల్లలున్నారు. ఏ ఇంజను విప్పినా ముందు నేల మీద సుద్దతో చుక్కలు పెట్టిస్తాను. ఇది ఏ పుస్తకంలో ఉంది సార్ అని అడుగుతారు. మా మేనత్త వాకిట్లో ఉండేదని చెబుతాను. అత్తయ్య ఇప్పుడు లేదు గనక, ఆ రోజు ఆవిడ ముందు ఒప్పుకోవాల్సింది వాళ్ళ ముందు ఒప్పుకుంటాను. వాళ్ళు తలలూపి చుక్కలు లెక్కపెట్టుకుంటారు. అన్నీ బిగించాక, హ్యాండిలు తిప్పమనే ముందు, ఎవరూ చూడకుండా నేను నా చొక్కా జేబు ఒకసారి తడుముకుంటాను.