పనిచేసేవాళ్లనే బయటికి తోసిన నియమం

ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

తిరుత్తణిలోని మా చీరల గోదాములో పూజచేసి తెరిచిన కంప్యూటరును మూస్తే లక్ష్మి వెళ్లిపోతుందట. అందుకే ఎవరూ లాగౌట్ కారు. అలా వదిలేసిన సెషన్లతో, అంటే మూయని లాగిన్లతో, మా బిల్లుల క్లౌడ్ డేటాబేస్ నిండిపోయేది. తిరువళ్ళూరు ఆఫీసు నుంచి నేను, పది నిమిషాలు ఖాళీగా ఉన్న సెషన్‌ను దానంతటదే తెంచే నియమం పెట్టాను.

ఆ రోజే గోదాము చూసుకునే సరోజక్క ఫోను.

"తమ్ముడూ, పెళ్లిచీరల లారీని బిల్లు లేదని ఎలవూరు చెక్‌పోస్టులో ఆపేసినారు! బిల్లు కొడతా ఉంటే నాలుగుసార్లు నన్ను బయటికి తోసేసినాది. సాయంత్రమే ముహూర్తం. యాడ పెట్టుకున్నావు బుద్ధి?"

వెంటనే కోడు తెరిచాను. చూస్తే నా నియమం ఖాళీ సెషన్లను వదిలి, పనిచేసేవాటినే తెంచుతోంది. సరిదిద్దాను. బిల్లు వెళ్లింది, లారీ కదిలింది.

ఒక్కటే కల్పించాను. తప్పు కనిపెట్టింది నేను కాదు. "నిద్రపోయేవాళ్లను వదిలి మమ్మల్ని తరుముతాండావేమో చూడు" అన్నది సరోజక్కే.