లోపలి అట్ట

మా మామయ్యకి వీధిలో అందరూ పెట్టిన పేరు గట్టాయన. మనిషి గట్టివాడని కాదు, ఊదితే ఎగిరిపోయేలా ఉంటాడు. ఎవరు ఏ వస్తువు చూపించినా ముందు "గట్టిదేనా?" అని అడుగుతాడు గనక ఆ పేరు. చెప్పులూ బూట్లూ బాగుచేయడం ఆయన పని. అదే కొట్లో కిటికీ పక్కన నా కుట్టుమిషను ఉంటుంది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, చిరుగులు కలపడం నా పని. ఆయన మా అమ్మకి తమ్ముడు. నాకు పదహారేళ్ళప్పుడు అమ్మ పోతే, తీసుకొచ్చి ఆ మిషను ముందు కూర్చోబెట్టాడు. ఇరవై ఏళ్ళయింది, ఇంకా అక్కణ్ణుంచి లేవలేదు.

మా వీధిలో ఎవరూ ఆయనకి చూపించకుండా బట్ట కొనరు, బూటు కొనరు. చొక్కా తెస్తే దాని మొహం కూడా చూడడు, ముందు తిరగేస్తాడు. "పై మెరుపు ఎవడైనా తెస్తాడమ్మా, లోపల ఏం దాచాడో చూడాలి," అంటాడు. బొటనవేలు ఆనించి ఆ వెడల్పులో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెడతాడు. బొత్తాన్ని ఒక్క గుంజు గుంజుతాడు. బూటైతే ముక్కు పట్టుకుని వంచి, వాసన చూసి, గోటితో గీస్తాడు. నచ్చకపోతే ఒక్క మాట అనడు, మడతపెట్టి చేతిలో పెట్టేస్తాడు. ఒకసారి పెళ్ళికొడుకు కోటుని అత్తవారి ముందే అలా మడతపెట్టి ఇచ్చాడు. వాళ్ళు ఇప్పటికీ మాతో మాట్లాడరు.

"ధర ఎంతని అడక్కండి. ఎన్నేళ్ళు వేసుకుంటారో చెప్పండి. ఆ ధరని అన్నేళ్ళకీ పంచండి, అప్పుడు తెలుస్తుంది ఏది చవకో." ఈ ముక్క రోజుకి పదిసార్లు చెబుతాడు. విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. నేను వచ్చిన కొత్తలో ఓ నల్ల బూట్ల జత కొనిచ్చాడు. పాతికేళ్ళొచ్చినా అవే వేసుకున్నాను. వాటిని చంపడానికి నేను చేయని ప్రయత్నం లేదు, వానలో నానబెట్టాను, రాళ్ళమీద ఈడ్చాను. ఊహూఁ, ఆయన మళ్ళీ మళ్ళీ బతికించి నా కాళ్ళ ముందు పెట్టేవాడు.

ఆయనకి ఇంకో పిచ్చి ఉంది. పాత బూటు చేతికొస్తే కింది సోలు మారుస్తాడు, మడమ మారుస్తాడు, లోపలి గుడ్డ మారుస్తాడు. కాలు ఆనే లోపలి అట్ట మాత్రం ముట్టుకోడు. ఏళ్ళ తరబడి తొక్కితే ఆ అట్టలో వేళ్ళూ మడమా దిగబడి గుంటలు పడతాయి కదా, వేరేవాళ్ళయితే ముందు దాన్నే పీకి పారేస్తారు. మామయ్య ఒప్పుకోడు. "అది బూటుకి వెన్నెముకే. మంచి తోలు అట్ట మళ్ళీ ఎక్కణ్ణుంచి తెస్తాం?" అంటాడు.

"ఎవరో తొక్కిన గుంటలో ఇంకొకరు కాలు పెట్టాలా? ఛీ!" అని నేను ముక్కు మూసుకునేదాన్ని.

"గుంట కాదే పిచ్చిమొహమా, అది అమరిక. కాలే సర్దుకుంటుంది."

పాతబట్టలు అమ్మే ఆయన మా కొట్టుకి నెలకోసారి ఓ మూట తెచ్చి పడేస్తాడు. పోయినేడు అలాంటి మూటలోనే ఆ బూట్లు వచ్చాయి. తుప్పు రంగు తోలు, చీలమండ దాకా ఎత్తు, మైనం పట్టించిన దారంతో చేత్తో వేసిన కుట్లు. మామయ్య వాటిని చేతిలోంచి వదల్లేదు. ఆ పూట భోజనానికి కూడా లేవలేదు. సాయంత్రం ఎప్పుడో, "నా జన్మలో ఇలాంటి పని చూడలేదే," అన్నాడు. కళ్ళనీళ్ళు తిరిగాయంటే నమ్మండి, బూట్లు చూసి! ఎడమ మడమ ఒక్కటే బయటివైపు బాగా అరిగిపోయి ఉంది. సోళ్ళూ మడమలూ కొత్తవి వేశాడు. లోపలి అట్ట ఎప్పటిలాగే వదిలేశాడు.

ముందు వాటిని మా వీధి పోస్టుమాను కొనుక్కున్నాడు. పొద్దస్తమానం నడిచేవాడు, ఆయనకంటే తగినవాడెవడని మేమూ సంతోషించాం. రెండు నెలలకి చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు.

"వంక పెట్టలేనండీ. బొబ్బ లేదు, తడి దిగలేదు. కానీ..." అని నీళ్ళు నమిలాడు. "డ్యూటీ దిగి ఇంటికి బయల్దేరతాను. ఏదో ఆలోచించుకుంటూ నడుస్తాను. తలెత్తేసరికి రైలుగేటు అవతల వీధిలో ఉంటాను. ఎప్పుడూ ఒకటే ఇల్లు, ఆకుపచ్చ తలుపు. ఆ ఇంటికి ఉత్తరాలే రావండీ. నాకక్కడేం పని?"

"పరధ్యానం ముదిరింది, ఇంట్లో చెప్పి మందిప్పించుకోండి," అని నేను నవ్వాను.

మామయ్య నవ్వలేదు. బూటు తిరగేసి చూస్తున్నాడు. తను కొత్తగా వేసిన ఎడమ మడమ బయటివైపు అరిగిపోయి ఉంది, మూటలో వచ్చినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే. పోస్టుమాను చెప్పులు పదిహేనేళ్ళుగా ఆయనే బాగుచేస్తున్నాడు. పోస్టుమానుకి అరిగేది కుడి మడమ, అదీ లోపలివైపు. ఆ సంగతి నాకూ తెలుసు.

తర్వాత బ్యాంకు దగ్గర కాపలా ఉండే ఆయన కొన్నాడు. మూడు వారాలు కూడా గడవలేదు. ఓ సాయంత్రం వచ్చి, బూట్లు విప్పి బల్లమీద పెట్టి, మేజోళ్ళతోనే వెళ్ళిపోబోయాడు. "అదేంటండీ, గట్టిగా లేవా?" అని మామయ్య అడిగాడు. "గట్టివే. అదే నా భయం," అన్నాడు ఆయన వెనక్కి తిరక్కుండానే. మళ్ళీ ఎడమ మడమే, మళ్ళీ బయటివైపే అరిగింది.

"అవతల పారెయ్యండి. అవి నాకేం బాగా కనబడటం లేదు," అంది అత్తయ్య. మామయ్యకి ముక్కుమీద కోపం. "ఇంత మంచి జత పారెయ్యమంటావా? నీకేమైనా మతి పోయిందా? ఎవరూ వద్దంటే నేనే వేసుకుంటాను," అని అక్కడికక్కడే తాళ్ళు కట్టేసుకున్నాడు.

ఆయన నడక నాకు బాగా తెలుసు. పొట్టి పొట్టి అడుగులు, నా మిషను పరిగెత్తినట్టు గబగబా. వారం తిరిగేసరికి ఆ నడక మారిపోయింది. కుడి కాలు దబ్బుమని పడుతుంది, ఎడమ కాలు సర్రుమని ఈడ్చుకొస్తుంది. రోజూ సాయంత్రం పావుతక్కువ ఆరయ్యేసరికి, చేతిలో పని ఏదున్నా సరే, "ఇప్పుడే వస్తా," అని లేచిపోయేవాడు. గంటన్నరకి వచ్చేవాడు. "కాలికి బలపం కట్టుకుని ఎక్కడ తిరిగొచ్చావు?" అని నేను విసుక్కుంటే, "ఊరికే, అలా నడిచాను," అనేవాడు. దాస్తున్నాడా అంటే దాచడం చేతకాని మనిషి. ఎక్కడికెళ్ళాడో ఆయనకే తెలియదని మొహం చూస్తే అర్థమయ్యేది.

మేముండేది కొట్టుపైన గదుల్లో. బూట్లు కింద మెట్ల దగ్గరే విప్పి, ఒట్టికాళ్ళతో పైకెక్కుతాడు మామయ్య. అలా ఎక్కేటప్పుడు మాత్రం నడక ఆయనదే. ఒకరోజు అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. "వీధిలో నడుస్తుంటే ఎవరో పరాయి మనిషే. ఆ మెట్లమీదే నా మొగుడు నాకు తిరిగొస్తున్నాడు. ఎన్నాళ్ళొస్తాడో తెలీదు. నువ్వేదో ఒకటి చెయ్యవే తల్లీ."

మర్నాడు ఆయన లేవగానే నేనూ లేచాను. జనం ఇళ్ళకి మళ్ళే వేళ, ఇంకా వెలుతురుంది. "మామయ్యా!" అని వెనకనుంచి రెండుసార్లు కేక పెట్టాను, తిరగలేదు. ఆయనకి ఎదురుగా తెలిసినవాళ్ళు వచ్చి పలకరించినా చూడలేదు. రైలుగేటు దాటాడు. మలుపులో ఆగలేదు, వెతుక్కోలేదు, ముప్ఫై ఏళ్ళుగా అదే దారిన ఇంటికి వెళ్ళేవాడిలా వెళ్ళాడు. ఆకుపచ్చ తలుపు ముందు మూడు మెట్లున్నాయి. దబ్బు, సర్రు, దబ్బు. తలుపు తట్టకముందే లోపల గడియ చప్పుడైంది.

తలుపు తీసింది ఓ ముసలావిడ. తీసేటప్పుడు ఆవిడ మొహం వెలిగిపోతోంది, నేను చూశాను. మామయ్యని చూడగానే ఆ వెలుగు ఆరిపోయింది. ఆవిడ కళ్ళు కిందికి, బూట్లమీదికి దిగాయి.

"మీరూ కొనుక్కున్నారా నాయనా?" అంది.

మామయ్య నిద్రలోంచి లేచినవాడిలా చుట్టూ చూశాడు. నేనే ముందుకెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ మెట్టుమీద కూలబడి, తలుపుకి ఆనుకుని వింది.

"మా ఆయనవి. ఎడమ మోకాలు వంగేది కాదు ఆయనకి. జన్మకి ఒక్క జత చాలని కొనుక్కున్నాడు, అన్నట్టే పోయేదాకా అవే వేసుకున్నాడు. పోయాక ఇంట్లో చూడలేక బట్టలాయనకి ఇచ్చేశాను. ముందు పోస్టుమాను వచ్చాడు. తర్వాత ఇంకెవరో. వాళ్ళకీ ఇలాగే తలుపు తీశాను. ఇన్నాళ్ళనుంచీ రోజూ మీరు మెట్లెక్కుతున్నారు, తట్టకుండా నిలబడి వెళ్ళిపోతున్నారు. ఇవాళ ఉండబట్టలేక తీశాను. చప్పుడు వినొద్దనుకున్నా, చెవులుండగా ఎలా వినను? ఆరయ్యేసరికి లేచి నీళ్ళు కాగబెడతాను, బుద్ధి లేక. తలుపు తీసిన ప్రతిసారీ ఆయన మళ్ళీ పోతున్నాడు నాయనా. నా చేత ఇన్నిసార్లు చంపించకండి. వాటిని కోసెయ్యండి."

మంచి వస్తువు మీద కత్తి పెట్టడం మామయ్య ఎరగడు. చొక్కా జేబులో తోలు కోసే కత్తి ఎప్పుడూ ఉంటుంది, దానిమీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. నాకు ఒళ్ళు మండింది. "ఇంకా ఏం చూస్తావు? అత్తయ్య అక్కడ చస్తోంది, ఈవిడ ఇక్కడ చస్తోంది. నీకు బూట్లు ముఖ్యమా?" అని అరిచాను. ఆయన మెట్టుమీద కూర్చుని తాళ్ళు విప్పాడు.

ముందు ఎడమ బూటులోంచి లోపలి అట్ట పీకాడు. అది పాదంలాగే ఉంది. ఐదు వేళ్ళూ నల్లగా, మడమ ఓ పక్కకి ఒరిగి, గోరు లోతున దిగబడి ఉన్నాయి. "ఇది నేను తీసుండాల్సింది. మొదటిరోజే తీసుండాల్సింది," అని పసివాడిలా ఏడుస్తూ దాన్ని ముక్కలు కోశాడు. తర్వాత కుడిది కోశాడు. తర్వాత పైతోలు, ఆ చేతి కుట్లు, అన్నీ. ఆవిడ ముక్కలన్నీ ఒళ్ళోకి ఎత్తుకుని, "ఇక రాకండి," అని తలుపు వేసుకుంది.

తిరిగొచ్చేదారిలో నాకు పట్టలేని సంతోషం. నోటికి ఎంతొస్తే అంతా తిట్టాను మామయ్యని. ఊరిని పట్టి పీడించావన్నాను, రేపు నీకు అట్టబూట్లు కొంటానన్నాను. ఆయన ఒట్టికాళ్ళతో నా వెనకే వస్తూ ఊఁ కొడుతున్నాడు. నా వాగుడులో ఇంకేమీ వినబడలేదు. మా కొట్టు చేరాక, "నువ్వు పైకెళ్ళు, అత్తయ్య ఎదురుచూస్తుంటుంది. నేను తాళం వేసొస్తాను," అన్నాను.

ఆయన మెట్లెక్కడం మొదలుపెట్టాడు. నా చేతిలో తాళంచెవి అలాగే ఉండిపోయింది. మొదటి అడుగు దబ్బుమని పడింది. రెండోది సర్రుమని ఈడ్చుకొచ్చింది.

పైనుంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఎవరండీ అది? మా ఆయన ఇంకా రాలేదు. కాసేపు కింద కూర్చోండి, వచ్చేస్తాడు."

మామయ్య సగం మెట్లమీద ఆగాడు. 'నేనే' అంటాడని చూశాను. అనలేదు. మెల్లగా కిందికి దిగొచ్చి, కొట్లో వచ్చేపోయేవాళ్ళ కోసం వేసిన బల్లమీద కూర్చున్నాడు.